లిఫ్టాయన మెట్లెక్కాడు

రక్తపోటు చూపించుకోవడానికి వెళ్లింది మామగారు. దొరికిపోయింది అల్లుడు.

మామగారికి డెబ్బై దాటాయి. కంటి ఆపరేషన్‌కి ముందు బీపీ చూడాలంటే అల్లుడు ఆయన్ని బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. నర్సమ్మ పట్టీ చుట్టబోయేసరికి పెద్దాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అది గట్టిగా పట్టేస్తుందటమ్మా. మా బిల్డింగ్‌లో ఒకాయనకి చెయ్యి కమిలిపోయిందట. నాకొద్దు."

నర్సమ్మ నచ్చజెప్పింది, బుజ్జగించింది, చివరికి కాస్త విసుక్కుంది కూడా. ఆయన ససేమిరా అన్నాడు. వెనక వరసలో కూర్చున్నవాళ్లు గొణుగుడు మొదలుపెట్టారు. అల్లుడు చొక్కా చెయ్యి పైకి మడిచి ముందుకొచ్చాడు.

"ముందు నాకు కట్టండి సిస్టర్. నేను బతికి బయటపడితే అప్పుడు ఆయన కట్టించుకుంటారు."

అందరూ నవ్వారు. పట్టీ బిగిసింది, వదిలింది. "చూశారా మామగారూ, చీమ కుట్టినంత కూడా లేదు" అన్నాడు అల్లుడు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. అంకెల వంక చూసింది, అల్లుడి మొహం వంక చూసింది.

"మీరు ఆ కుర్చీలో కాసేపు కూర్చోండి. మాట్లాడకండి. మళ్లీ చూస్తాను."

ఈలోగా మామగారు బుద్ధిగా చెయ్యి చాపాడు. ఆయన బీపీ చూసి నర్సమ్మ మురిసిపోయింది. ఈ వయసులో ఇలా ఉండడం అదృష్టమంది. తర్వాత అల్లుడికి మళ్లీ కట్టింది, రెండో చేతికి కూడా కట్టింది. మొదట చూసినదానికన్నా కాస్త తగ్గిందంతే. నూట యాభై ఎనిమిది, కింద తొంభై ఆరు.

ఆ అల్లుడే మా లిఫ్టాయన.

మా బిల్డింగ్‌లో ఐదో అంతస్తు ఆయనది. నాలుగోది నాది. ఆయన అసలు పేరు మా వాళ్లలో సగం మందికి తెలియదు, మిగతా సగం మంది మర్చిపోయారు. ఆఫీసుల్లో, బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, ఎక్కడ లిఫ్టు మొరాయించినా కంపెనీ వాళ్లు ఈయన్నే పంపిస్తారు. భారీ మనిషి. నవ్వితే గోడ అవతలికి వినిపిస్తుంది, తిట్టినా అంతే. పనిముట్ల సంచి భుజాన వేసుకుని లిఫ్టులో ఎక్కి, లిఫ్టులో దిగి, మధ్యలో మెషీన్ గదిలో కూర్చుని తినడం ఆయన దినచర్య. ఆ సంచిలో స్పానర్లకన్నా ఉప్పు పల్లీల పొట్లాలూ, చిప్స్ ప్యాకెట్లే ఎక్కువని వాళ్లావిడ దెప్పేది.

వాళ్లావిడని నేను అక్కా అంటాను. ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పని ఆమెది. ఇప్పుడు చెప్పేవాటిలో నేను కళ్లారా చూసింది కొంత, మిగతాదంతా అక్క మా వంటింటి గడప మీద కూర్చుని చెప్పిందే.

మామగారు దర్జీ. భార్య పోయాక, కళ్లు మసకబారి కుట్టు మిషను కూడా అమ్మేశాక, కూతురి దగ్గరికి వచ్చేశాడు. మనిషి సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడతలాగా ఉంటాడు. మామా అల్లుళ్లకి పొత్తు కుదరలేదు. తగాదా ఏమీ లేదు, మాటలే లేవు. దానికి కారణం మా లిఫ్టే.

ఆయన వచ్చిన కొత్తలో కూరగాయల సంచితో లిఫ్టెక్కి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయాడు. అల్లుడు ఆ టైముకి ఎక్కడో ఊరి చివర ఆసుపత్రి లిఫ్టు మీద ఉన్నాడు. వచ్చి తలుపు తెరిచేసరికి మధ్యాహ్నం కాస్తా సాయంత్రమైంది. వరండా నిండా మేమంతా నిలబడి ఉన్నాం. పెద్దాయన బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, "మా అల్లుడుగారు ఊరందరి లిఫ్టులూ చూస్తారు. ఆయన ఇంటి లిఫ్టు మాత్రం చూసే నాథుడు లేడు" అన్నాడు. అని, సంచి తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

లిఫ్టాయనకి తల కొట్టేసినట్టయింది. చేతి పని మీద బతికేవాడికి పదిమందిలో ఆ మాట చిన్నదేం కాదు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా "అల్లుడుగారూ, పేపరు", "మామగారూ, భోజనం" అంతకు మించి నడవలేదు. పెద్దాయన మళ్లీ లిఫ్టెక్కలేదు. పాల కోసం, పేపరు కోసం, ఊరికే గాలి కోసం, రోజూ ఐదు అంతస్తులూ కాలినడకనే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానస్తురాలు. "ఒక్కరోజు చూసి మీకు జబ్బుందని తేల్చను. ఇంట్లో మిషను పెట్టుకుని ఓ వారం పొద్దునా సాయంత్రం చూసుకోండి. దానిలోనే అంకెలు దాచుకుంటుంది. అది పట్టుకుని రండి" అంది.

వారం గడిచాక అక్కని కూడా వెంటబెట్టుకుని వెళితే తేలిపోయింది. ఉన్నది నిజమే. రక్తం, మూత్రం పరీక్షలు చేశారు, గుండెకి ఈసీజీ తీశారు. అవన్నీ బాగానే ఉన్నాయి.

"నాకేమీ అనిపించట్లేదు డాక్టరుగారూ. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఏనుగులా ఉన్నాను" అన్నాడు లిఫ్టాయన.

"అదే దీంతో వచ్చిన చిక్కు. ఏమీ అనిపించదు" అంది డాక్టరమ్మ. "బిళ్ల ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. మీకు షుగర్ లేదు, మిగతావన్నీ బాగున్నాయి, సిగరెట్టు కూడా లేదంటున్నారు. అందుకని మూడు నెలలు చూద్దాం. ఉప్పు తగ్గించండి, నడవండి, ఒళ్లు తగ్గించండి, కంటినిండా నిద్రపోండి. అయినా దిగకపోతే బిళ్ల వేసుకోవాల్సిందే. అప్పుడు నాతో బేరాలాడకూడదు. ఈలోగా ఎప్పుడైనా గుండెలో నొప్పొచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మిషను పెట్టుకుని చూస్తూ కూర్చోవద్దు. వెంటనే వచ్చెయ్యండి."

ఆ చివరి మాట దగ్గర అక్క మొహం పాలిపోయింది. కారణం నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఇంట్లో మొదటి యుద్ధం ఉప్పు డబ్బాతో. అన్నం పళ్లెం పక్కన ఉప్పు గిన్నె లేకుండా లిఫ్టాయన ముద్ద ఎత్తేవాడు కాదు. అక్క దాన్ని బల్ల మీంచి తీసి, అటక మీద ఇస్త్రీ బొగ్గుల బకెట్టు వెనకాల పెట్టింది. కూరలో వేసే ఉప్పు సగానికి సగం తగ్గించింది. మొదటి రోజు ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాడు.

"ఇది కూరా, గడ్డా?"

"గడ్డి తిన్న ఏనుగుకి బీపీ రాలేదుగా. తినండి."

పాపం ఆవిడ కూడా ఊరికే ఉండలేదు. నిమ్మరసం పిండింది, వెల్లుల్లి దోరగా వేయించి వేసింది, మిరియాలు దంచింది, కొత్తిమీర గుప్పెడు గుప్పెడు చల్లింది. పొద్దున్న బేకరీ రొట్టె మానేసి గుడ్డూ పళ్లూ పెట్టింది. రొట్టెలో కూడా ఉప్పుంటుందని నర్సమ్మ చెప్పినప్పుడు అక్క నమ్మలేదట. ఇంటికొచ్చి ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాలు చదివి, "వీళ్ల దుంప తెగ, తియ్యటి బిస్కెట్లో కూడానా!" అని ముక్కున వేలేసుకుంది. ఆ పూటే పనిముట్ల సంచి బోర్లించి, పల్లీల పొట్లాలన్నీ తీసి నాకిచ్చేసింది. నాకు బీపీ లేదు కాబట్టి పుచ్చుకున్నాను.

ఓ పక్షం రోజులు ఆయన ముఖం గంటు పెట్టుకునే తిన్నాడు. తర్వాత గొణగడం మర్చిపోయాడు. ఆ తర్వాత ఒకరోజు పని దగ్గర తోటి మెకానిక్ తెచ్చిన కూర రుచి చూసి, "ఏంట్రా ఇది, సముద్రంలోంచి తోడుకొచ్చావా?" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట తనే చెప్పాడు. అక్క అటు తిరిగి నవ్వుకుంది.

మిషను బాధ్యత మాత్రం ఎవరూ అప్పగించకుండానే పెద్దాయన తీసుకున్నాడు. చూసుకోవడానికి పద్ధతి ఉంది. కాఫీ తాగిన వెంటనే చూడకూడదు. మెట్లెక్కి వచ్చి చూడకూడదు. వీపు కుర్చీకి ఆన్చి, పాదాలు నేల మీద ఉంచి, చెయ్యి బల్ల మీద పెట్టి, ముందు ఓ ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవాలి. చొక్కా మీంచి కట్టకూడదు. దర్జీ కదా, పట్టీ చుట్టడం ఆయనకి చిటికెలో పని. చేతి మడతకి పైన, బిగువుగా కాకుండా వదులుగా కాకుండా, కాలరు కుట్టినంత శ్రద్ధగా చుట్టేవాడు. చుట్టి, ఎదురు కుర్చీలో కూర్చునేవాడు.

ఏళ్ల తరబడి మాటల్లేని ఇద్దరు మనుషులు, మాట్లాడకూడదు అన్న కారణంతో ఎదురెదురుగా కూర్చున్నారు. మొదట్లో ఒకరు కిటికీ వంక, ఒకరు గోడ వంక చూసేవాళ్లట. రోజూ అంతసేపు గోడ వంక ఎవరు చూస్తారు? మెల్లగా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలైంది. పట్టీ విప్పాక అంకె గురించి ఓ మాట. అంకె మాట అయ్యాక ఇంకో మాట.

"రాత్రి నిద్ర పట్టినట్టు లేదు అల్లుడుగారూ."

"ఫోను మోగుతూనే ఉంది మామగారూ. బట్టల కొట్టు లిఫ్టు."

"రాత్రి పూట బట్టల కొట్టుకి లిఫ్టెందుకు? పొద్దున్న చూస్తానని చెప్పలేరూ?"

ఆలోచిస్తే నిజమే. తెల్లారేదాకా ఆగలేని పనులు ఆసుపత్రులవి మాత్రమే. లిఫ్టాయన కంపెనీకి చెప్పి రాత్రి పిలుపులు వంతుల ప్రకారం వేయించుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా అడగాలని కూడా తట్టని సంగతి అది. అడిగితే ఒక్క మాటలో సరేనన్నారు.

ఇక మెట్లు. నడవమంటే ఎక్కడ నడవాలి, ఎప్పుడు నడవాలి అని ఆయన సాకులు వెతుకుతుంటే పెద్దాయన ఒకరోజు పాల సంచి తీసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"నేను కిందికి వెళ్తున్నా. వస్తారా?"

లిఫ్టాయన లిఫ్టు వంక ఓసారి చూశాడు. చెప్పులేసుకుని ఆయన వెనకాల మెట్లు దిగాడు. ఆ మెట్లంటే ఆయనకి పాత అవమానమే. అయినా దిగాడు. పైకొచ్చేటప్పుడు మా అంతస్తు దగ్గరే మూడుసార్లు ఆగి, రైలింగు పట్టుకుని రొప్పుతుంటే నేను తలుపు తీశాను.

"అయ్యో, లిఫ్టు పాడైందా అన్నయ్యా?" అన్నాను.

"లిఫ్టు బాగుంది. పాడైంది నేనే" అన్నాడు ఊపిరి పీల్చుకుంటూ.

ఆ వారంలో ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. మెకానిక్కే మెట్లెక్కుతుంటే లిఫ్టు తాడు తెగిపోయేలా ఉందని మొదటి అంతస్తు అమ్మాయి పిల్లల్ని లిఫ్టెక్కనివ్వడం మానేసింది. అంతటితో ఆగలేదు. ఆయన పని చేసే ఒక ఆఫీసులో కూడా లిఫ్టు బాగుచేసి, అందులో ఎక్కకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. మర్నాడు ఆ ఆఫీసు మేనేజరు కంపెనీకి ఫోను చేశాడు. సూపర్‌వైజరు ఈయనకి ఫోను చేశాడు.

"ఏంటయ్యా, నువ్వు బాగుచేసిన లిఫ్టు నువ్వే ఎక్కవట? జనం హడలిపోతున్నారు!"

"సార్, నాకు బీపీ సార్. డాక్టరు నడవమంది."

"అయితే ఆ ముక్క గట్టిగా చెప్పు. అందరికీ వినిపించేలా చెప్పు!"

గట్టిగా చెప్పడం ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎక్కడికెళ్లినా ముందు ఓసారి లిఫ్టులో పైకీ కిందికీ తిరిగి, "లిఫ్టు భేషుగ్గా ఉందండీ! నాకే బీపీ!" అని కేకేసి మెట్ల దారి పట్టేవాడు. ఆఫీసు గుమస్తాలు ఒకరిద్దరు, మాకూ ఉందండీ అంటూ ఆయనతో దిగడం మొదలుపెట్టారు. సాయంత్రాలు మామా అల్లుళ్లు మా వీధి చుట్టూ నడిచేవాళ్లు. సన్నటాయన ముందు, భారీ మనిషి వెనక. కొన్నాళ్లకి పక్కపక్కనే.

ఇంతవరకూ బాగానే ఉంది. అంకెలు మాత్రం దిగలేదు. మొదట్లో కాస్త కిందికి వచ్చినట్టే వచ్చి, నూట యాభై దగ్గర తిష్ఠ వేసుకుని కూర్చున్నాయి. రెండో నెల సగమయ్యేసరికి లిఫ్టాయనకి ఓపిక నశించింది. ఓ సాయంత్రం పట్టీ విప్పి బల్ల మీద విసిరాడు.

"నోరు కట్టుకున్నాను. కాళ్లరిగేలా తిరుగుతున్నాను. అయినా ఇదే అంకె! మిషనే తప్పు చూపిస్తోంది."

అని స్క్రూడ్రైవరు తీశాడు. ఆయన చేతికి స్క్రూడ్రైవరు వచ్చిందంటే ఏ యంత్రమైనా ముక్కలు కావలసిందే. పెద్దాయన చటుక్కున మిషను లాక్కుని ఒళ్లో దాచుకున్నాడు.

"దీని జోలికి రావద్దు."

"పాడైపోయింది మామగారూ, ఇవ్వండి చూస్తాను."

పెద్దాయన కూతుర్ని కూర్చోబెట్టి చూశాడు. బాగుంది. తనకి తనే కట్టుకుని చూసుకున్నాడు. బాగుంది. నన్ను కేకేశారు, నాదీ చూశారు. నాకూ బాగానే ఉంది. మిషను నిక్షేపంలా ఉందని తేలింది. లిఫ్టాయన కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే ఇక నావల్ల కాదు. రేపట్నుంచి మామూలుగా తింటాను. రాసిపెట్టి ఉన్నది ఎలాగూ తప్పదు."

నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. పెద్దాయన మిషను ఒళ్లోనే పెట్టుకుని, అల్లుడి వంక చూసి, మొదటిసారి ఏకవచనంలో మాట్లాడాడు.

"ఇలా చూడవయ్యా. మా ఆవిడకి కూడా ఏమీ అనిపించేది కాదు. తలనొప్పి ఎరగదు. నాకన్నా హుషారుగా ఉండేది. ఓ రోజు పొద్దున్న నేను కోటు కుడుతున్నాను, ఆమె గుండీలు కుడుతోంది. సూది జారిపోయింది. తీసుకుంటుందిలే అనుకున్నాను. తీసుకోలేదు. తలెత్తి చూస్తే నోరు ఓ పక్కకి పోయింది. ఆసుపత్రిలో చేర్చాక చెప్పారు, బీపీ చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందని. మాకెవరికీ తెలియదు. ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో మిషనుంది అంటే కుట్టు మిషనే." ఆయన ఒళ్లోని మిషను మీద చెయ్యి వేశాడు. "నీది తెలిసింది. తెలిసిందంటే దారుందన్నమాట. నువ్వు రాసిపెట్టి ఉంది అంటే నాకు ఒళ్లు మండుతుందయ్యా."

అక్క కళ్లు తుడుచుకుంది. లిఫ్టాయన స్క్రూడ్రైవరు సంచిలో పెట్టేశాడు.

"రేపు ఆసుపత్రికి వెళ్దాం మామయ్యా" అన్నాడు.

అంతవరకూ మామగారే. మామయ్య అనడం నేనైతే అప్పుడే విన్నాను.

మర్నాడు మిషను కూడా పట్టుకుని వెళ్లారు. నర్సమ్మ తన మిషనుతో సరిచూసి, రెండూ ఒకేలా ఉన్నాయంది. డాక్టరమ్మ ఆయన తిండీ నడకా అన్నీ అడిగి, తల పంకించి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అంది.

"ఏమీ లేవండి."

"గుర్తు తెచ్చుకోండి. ఆకు పసరైనా సరే, దగ్గు మందైనా సరే."

"ఒట్టు. ఏమీ లేవు."

పెద్దాయన పక్కనుంచి, "మరి ఆ ఎర్ర మూత డబ్బా?" అన్నాడు.

"అది మందేంటి మామయ్యా, నొప్పి బిళ్లేగా!"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. విషయమేంటంటే, బరువైన తలుపులు లాగీ లాగీ ఆయన భుజం పట్టేసింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ల పొద్దునొకటి, సాయంత్రం ఒకటి, ఎన్నాళ్లుగానో మింగుతున్నాడు. మెట్లెక్కడం మొదలయ్యాక మోకాళ్లు కూడా పీకడంతో ఇంకోటి కలిపాడు. అది ఆయన దృష్టిలో మంచినీళ్లతో సమానం.

"ఈ రకం నొప్పి బిళ్లలు రోజూ మింగితే ఒంట్లో ఉప్పూ నీరూ పోగుపడతాయి. బీపీ పైకి లేస్తుంది. కిడ్నీలకి కూడా మంచిది కాదు" అంది డాక్టరమ్మ. "మీ ఆవిడ కూరలో తీసేసిన ఉప్పుని మీరు ఈ దారిన లోపలే నిలవ పెట్టుకుంటున్నారు. అదొక్కటే కారణమని చెప్పను. కానీ ముందు అది ఆపండి. భుజానికి వ్యాయామం చేయించే ఆవిడ ఇక్కడే ఉంది, వెళ్లి చూపించుకోండి. నొప్పి ఆగకపోతే ఏం వేసుకోవాలో నన్నడగండి. షాపువాణ్ణి కాదు."

లిఫ్టాయన సిగ్గుపడ్డాడు, దానికన్నా ఎక్కువ సంతోషపడ్డాడు. ఏం పాడైందో తెలియనంతసేపే ఆయనకి చికాకు. తెలిశాక పనిలో దిగడమే. ఎర్ర మూత డబ్బా చెత్తబుట్టలోకి పోయింది. భుజానికి వేడి కాపడం, గోడకి చేతులానించి వ్యాయామం. మొదటి వారం మూలిగాడు. పైనుంచి ఆ మూలుగు మా ఇంట్లోకి కూడా వినిపించేది. తర్వాత భుజం వదిలింది.

అంకెలు ఒక్కరోజులో దిగలేదు. ఒకరోజు దిగి, రెండ్రోజులు బెట్టు చేసి, మళ్లీ కాస్త దిగాయి. ఓ రోజు నూట నలభై లోపల కనిపిస్తే, పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చూసి, మా కిటికీలోకి వినిపించేలా "అమ్మాయ్!" అని కేక పెట్టాడు. ఏం జరిగిందోనని నేనూ పైకి పరిగెత్తాను. తీరా చూస్తే ముగ్గురూ ఆ చిన్న మిషను చుట్టూ మూగి పసిపిల్లని చూసినట్టు చూస్తున్నారు.

అప్పటికి ఆయన ప్యాంట్లు నడుం దగ్గర నిలవడం మానేశాయి. బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకున్నాడు, అదీ చాల్లేదు. పెద్దాయనకి ఈలోగా కంటి ఆపరేషన్ అయి చూపు తేటపడడంతో, పక్కింటివాళ్ల కుట్టు మిషను తెప్పించి అల్లుడి ప్యాంట్లన్నీ లోపలికి పట్టాడు. కత్తిరించిన గుడ్డ ముక్క ఎత్తి చూపించి, "ఇంత మనిషిని పోగొట్టుకున్నావయ్యా" అన్నాడు. "పోనీండి మామయ్యా, వాడితో నాకు పనిలేదు" అన్నాడు అల్లుడు.

మూడు నెలలు నిండాయి. అక్క మళ్లీ ప్రెస్సుకి సెలవు పెట్టి వాళ్లతో ఆసుపత్రికి వెళ్లింది. వెళ్లే ముందు రెండు రోజులు ఆమెకి చేతిలో పని నిలవలేదు. ఏదో ఒకటి తుడుస్తూనే ఉంది. బిళ్ల వేసుకోవలసి వస్తే మాత్రం ఏం పోయింది, ఎంతమంది వేసుకుని చక్కగా ఉన్నారు, అని నేనంటే, "బిళ్ల గురించి కాదు. మంచి మాట వినాలని ఉంది. అంతే" అంది.

లోపలికి మామా అల్లుళ్లు వెళ్లారు. అక్క బయట బల్ల మీదే కూర్చుండిపోయింది. లోపల డాక్టరమ్మ మిషనులో అంకెలన్నీ వెనక్కి తిప్పి చూసింది. తను మళ్లీ రెండుసార్లు కట్టి చూసింది. నూట ఇరవై ఎనిమిది, కింద ఎనభై రెండు.

"ఇప్పటికి బిళ్ల అక్కర్లేదు" అంది. "అలాగని పోయిందనుకోకండి. మానేస్తే తిరిగొస్తుంది. వారానికి కొన్నిసార్లైనా చూసుకుంటూ ఉండండి, మళ్లీ మూడు నెలలకి కనపడండి. వయసు పెరిగాక ఎప్పుడైనా బిళ్ల అవసరం పడొచ్చు, పడితే ఓడిపోయినట్టు కాదు. ఇప్పటికైతే ఇంత బాగా చేసినవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు."

లిఫ్టాయనకి ఏం చెయ్యాలో తోచక ఆమెకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. పెద్దాయన మెల్లగా, "ఆ పట్టీ నేనే కట్టేవాణ్ణమ్మా" అన్నాడు. "తెలుస్తూనే ఉంది బాబాయ్" అంది డాక్టరమ్మ.

తలుపు తీసుకుని వాళ్లు బయటికి వచ్చేసరికి అక్క లేచి నిలబడింది. అడగలేదు. భర్త మొహంలోకి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపి, "బిళ్ల లేదు" అన్నాడు. ఆ ఊపుడు చూసి ఆమె ముందు తప్పుగా అనుకుంది, మాట విన్నాక ఉన్నచోటే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియకుండా కాసేపు ఊగిపోయింది. పక్కన కూర్చున్న ముసలావిడ భయపడి మంచినీళ్లిచ్చింది. "ఏం కాలేదమ్మా, అంతా బాగుందట" అని అక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

తిరుగు బస్సులో ముగ్గురికీ వెనక సీటు దొరికింది. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి ఒళ్లో పడుతోంది. అక్క మధ్యలో కూర్చుని మొదట గలగలా మాట్లాడింది. సాయంత్రం ఏం వండాలో చెప్పింది, ప్రెస్సులో ఎవరెవరికి చెప్పాలో చెప్పింది. అలా చెబుతూ చెబుతూనే మాట మధ్యలో భర్త భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఈ మూడు నెలల్లో రాత్రులు ఆయన ఊపిరి వింటూ ఆమె ఎంత మేలుకుందో, అప్పుడు ఆ మొహం చూస్తే గానీ తనకి తెలియలేదని తర్వాత లిఫ్టాయన నాతో అన్నాడు.

మా వీధి మలుపు వచ్చింది. లిఫ్టాయన గొంతు తగ్గించి, "మామయ్యా, మన స్టాపు" అన్నాడు.

పెద్దాయన కూతురి వంక చూశాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోతోంది.

"పోనీవయ్యా. పడుకోనీ."

కండక్టరు వచ్చి దిగాలి కదా అన్నట్టు చూశాడు. లిఫ్టాయన కదలకుండా, సైగ చేసి, చివరిదాకా టికెట్లిమ్మన్నాడు. బస్సు మా వీధి దాటి ముందుకి వెళ్లిపోయింది.